ఏడు మార్కుల ఊరు

ఆ వేసవిలో నా ఉద్యోగం ఊళ్ళు కొట్టెయ్యడం.

నేను పనిచేసేది ఒక యాత్రల కంపెనీలో. మూడు బస్సులు, రెండు గదుల ఆఫీసు, గోడ నిండా పరుచుకున్న తీరం మ్యాపు. ఏళ్ళ తరబడి కొండలకి బస్సులు తిప్పిన మా ఓనరుగారికి ఆ ఏడు సముద్రం మీదికి మనసు మళ్ళింది.

"నాలుగు రోజులు, అయిదు ఊళ్ళు," అన్నారు. "మొదటి రోజు పొద్దున ఎక్కాలి, నాలుగో రోజు సాయంత్రం ఇళ్ళ దగ్గర దిగాలి. మధ్యలో మనల్ని తిట్టుకోకూడదు. అంతే."

తీరం వెంబడి బస్సు పోగల ఊళ్ళు తొమ్మిది. నాలుగు తీసెయ్యాలి. డిగ్రీలో భూగోళం చదివినవాణ్ణి ఆఫీసులో నేనొక్కణ్ణే కాబట్టి ఆ పని నా బల్ల మీదికొచ్చింది.

ఊళ్ళని మేం పేర్లతో పిలిచేవాళ్ళం కాదు. దీపస్తంభం ఊరు, రేవు ఊరు, పాత కోట ఊరు, ఉప్పుమడుల ఊరు అనేవాళ్ళం. పొద్దున్నే చేపలు వేలం వేసేది వేలంపాట ఊరు. మలుపు ఊరు అని ఇంకొకటుంది. అక్కడ రోడ్డు సముద్రాన్ని చూసి జంకినట్టు ఠక్కున పక్కకి తిరుగుతుంది. అంతకుమించి చెప్పుకోడానికి ఆ ఊళ్ళో ఏమీ లేదని ఆ పేరు. ఆ మలుపులో ఒక పన్నెండు గదుల లాడ్జి ఉంది. అది నా భార్య తమ్ముడిది.

"వెళ్ళి చూసి రండి," అన్నారు ఓనరుగారు. "మీ ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళండి. ఆడవాళ్ళకి ఏం కావాలో మనకి తెలిసి చావదు."

మా ఆవిడ చిన్నపిల్లల బళ్ళో టీచరు. పోయి ఇప్పటికి ఆరేళ్ళు. ఆమె గురించి రాయడానికి కూర్చున్నప్పుడల్లా ముందు గుర్తొచ్చేది కుడిచేతి చూపుడు వేలి మీద ఎర్ర సిరా మరక. ఎంత తోమినా పూర్తిగా పోయేది కాదు. వాళ్ళ బళ్ళో ఒక రివాజుండేది. తెలిసినవాళ్ళ పిల్లల పేపరు దిద్దాల్సి వస్తే, టీచరు తనకి తోచినదానికంటే ఒక మార్కు తగ్గించి పక్క టీచరుకి అందించాలి. ఆమె చూసి, న్యాయమనిపిస్తే ఆ మార్కు కలుపుతుంది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. ఒకసారి మా ఇంటి వెనకవాళ్ళ పిల్ల పేపరుకి అలా ఒకటి తగ్గిస్తుంటే నేను నవ్వాను. "ఇదేం న్యాయం?" అన్నాను. "న్యాయం చెయ్యడానికి ఇంకొకళ్ళున్నారుగా," అంది. "నా పని అనుమానం లేకుండా చూడడం."

ఎండలు ముదరకముందు బయల్దేరాం. డ్రైవరు, మేమిద్దరం, ముప్ఫై ఖాళీ సీట్లు. డ్రైవర్ని అందరూ నిదానం అనేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన బండి కింద కోడిపిల్ల కూడా పడలేదు. సైకిళ్ళు కూడా ఆయన్ని దాటి వెళ్ళేవి.

మా ఆవిడ ఒక బడి నోటుబుక్కు తెచ్చుకుంది. ప్రతి ఊరికీ ఒక పేజీ, పదికి మార్కులు. నేను అలల ఎత్తు, రోడ్డు వెడల్పు, బస్సు తిప్పుకునే చోటు చూసుకునేవాణ్ణి. ఆమె చూసేవి వేరు. తడిబట్టలు మార్చుకునే చోటుందా? దాని తలుపుకి లోపల గడియ ఉందా? నీడ పన్నెండు గంటలకి ఎటు పడుతుంది? టీ కొట్టువాడు ఆడవాళ్ళు కూర్చుంటే బెంచీ తుడుస్తాడా? రేవు ఊళ్ళో నేను ఓడల్ని చూస్తూ నిలబడితే ఆమె మరుగుదొడ్డి తలుపు మూసి, లోపల్నుంచి కేక వేసింది.

"ఏవండీ, బయటికి వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది."

"అయితే ఒక మార్కు కట్."

నిదానం స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. "సార్, మన బస్సుకి కూడా మార్కులేస్తారేమో, కిటికీలు తుడిచేస్తా."

"మీ బస్సుకి ఎప్పుడో వేశాను," అంది. "హారన్‌కి పదికి పది. మోగదుగా."

అలా అయిదు రోజులు తిరిగాం. మా పెళ్ళయిన పదహారేళ్ళలో మేమిద్దరం కలిసి చేసిన ప్రయాణం అదొక్కటే అని అప్పుడు తోచలేదు. ఆఫీసు పని అనుకున్నాను.

మలుపు ఊరు అయిదో రోజు సాయంత్రం వచ్చింది. మా బావమరిది గేటు దగ్గరే ఉన్నాడు. అతన్ని ఊరంతా కెప్టెన్ అంటారు. లాడ్జి వెనక బోర్లించిన నీలం పడవ ఒకటుంది. కొన్న రోజునుంచీ ఈ ఏడు దింపుతా, వచ్చే ఏడు దింపుతా అంటున్నాడు. అది నీళ్ళు చూసింది లేదు, అతను కెప్టెన్ అయింది మాత్రం నిజం.

"బావగారూ, మీరొచ్చింది ఈ ఇంటి అల్లుడిగానా, ఇన్‌స్పెక్టరుగానా? చెబితే దానికి తగ్గ దుప్పటి వేయిస్తా."

"ఇన్‌స్పెక్టరుగానే."

"అయితే పాతదే. కొత్తది వేస్తే ఏదో దాచుకుంటున్నామని రాసుకుంటారు."

"నోరు మూసుకుని సంచీ అందుకోరా," అంది మా ఆవిడ. "నీ దుప్పట్లకి మార్కులు నేను వేస్తాను, ఆయన కాదు."

"అయ్యో, నువ్వా అక్కా! అయితే నేను ఫెయిల్. చిన్నప్పుడు నా ఎక్కాల పుస్తకం దిద్దింది నువ్వేగా."

ఊరు బాగుంది. ఆ సంగతి ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు. రోడ్డు మలుపు తిరిగినచోట తీరం కూడా కొడవలిలా వంగి, లోపల నీళ్ళు తొట్టిలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. మోకాలి లోతు దాకా నేల కనిపిస్తోంది. మధ్యాహ్నం దాటితే లాడ్జి నీడ ఇసక మీదే పడుతుంది. గదులు చిన్నవి, కాని ప్రతి తలుపుకీ గడియ, ప్రతి కిటికీకీ తెర. తెరలు కెప్టెన్ భార్య కుట్టినవి.

ఒక్కటే లోటు. లాడ్జి గట్టు మీద ఉంది, ఇసక కింద ఉంది. దిగడానికి బాట తప్ప మెట్లు లేవు. మా ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని పక్కవాటుగా దిగింది.

భోజనాల దగ్గర కెప్టెన్ భార్య వడ్డిస్తూ అంది. "అన్నయ్యగారూ, మీ బావమరిదిగారి పడవలో ఇప్పటిదాకా మా కోళ్ళే ప్రయాణం చేశాయి. దాని కింద గుడ్లు పెడుతున్నాయి."

"అవే నా సిబ్బంది," అన్నాడు కెప్టెన్. తర్వాత అదే నవ్వు గొంతుతో, కంచంలోకి చూస్తూ అన్నాడు. "లారీలవాళ్ళంతా కొత్త రోడ్డున పడ్డారు బావగారూ. ఇదివరకు రాత్రి బస ఇక్కడే కదా. ఇప్పుడు పన్నెండు గదుల్లోనూ నేనే పడుకుంటున్నా, రోజుకొకటి చొప్పున. మనిషి మసలకపోతే తేమ పడుతుందని."

అతని భార్య అతని కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

"వారానికి ఒక్క బస్సు ఆగితే ఈ వేసవి గడిచిపోతుంది. వేసవి గడిస్తే ఏడు గడిచినట్టే. అయితే నా మొహం చూసి ఆపొద్దు. ఊరు బాగుంటేనే ఆపండి." తలెత్తి అక్కవైపు చూశాడు. "నిజం చెప్పక్కా. ఏం తక్కువైంది?"

"మెట్లు," అంది. "ముసలివాళ్ళు దిగలేరు."

"మెట్లు," అన్నాడు అతను, ఎక్కం అప్పజెప్పినట్టు.

తిరిగొస్తుంటే బస్సులో నోటుబుక్కు నాకిచ్చింది. దీపస్తంభానికి తొమ్మిది. రేవుకీ కోటకీ ఎనిమిదేసి. ఉప్పుమడులకి ఎనిమిది. ఆ నలుగురూ గట్టెక్కారు. వేలంపాట ఊరికి ఏడు. మలుపు ఊరికి ఏడు. మిగతా మూడూ అయిదు లోపలే. మలుపు ఊరి పేజీలో, చివరి వరసలో, ఎర్ర సిరాతో 'మెట్లు లేవు, 1 తక్కువ' అని రాసుంది.

మెట్లు లేని ఊళ్ళు ఆ తొమ్మిదింటిలో ఇంకా మూడున్నాయి. రేవు ఊళ్ళో అయితే రాళ్ళ మీదినుంచి దూకాల్సిందే. వాటికి ఆమె ఆ మార్కు కొయ్యలేదు. నేను గమనించాను. ఇది ఒకటికి రెండుసార్లు చెబుతున్నాను, నేను గమనించాను. నోటుబుక్కు మూసి సంచీలో పెట్టుకున్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

వారం తర్వాత ఓనరుగారి గదిలో మ్యాపు చుట్టూ కూర్చున్నాం. ఆయన, అకౌంటెంటు, నేను. నాలుగు ఊళ్ళ చుట్టూ సున్నాలు చుట్టేశాం. అయిదోదానికి వచ్చాం.

"రెండూ ఏడేనా?" అన్నారు ఓనరుగారు. టీ గ్లాసు తీసుకుంటూ, "మలుపు ఊరంటే మీ బావమరిదిదే కదూ?" అన్నారు.

అంతే అన్నారు. ఆయన గొంతులో ఏమీ లేదు. మీ ఇంటి నంబరెంత అని అడిగినట్టే అడిగారు. అకౌంటెంటు మాత్రం పెన్నుకి మూత పెట్టి, నావైపు చూడకుండా చిన్నగా దగ్గాడు.

"అవును సార్. అందుకే అది వద్దు," అన్నాను.

"నేనేమీ అనలేదండీ."

"మీరనలేదు. నేనే అంటున్నాను. రేపెవరైనా అనుకోకూడదు."

పెన్సిలు తీసుకుని మలుపు ఊరి మీద గీత గీశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, గీస్తున్నప్పుడు నాకు బాధ కలగలేదు. హాయిగా అనిపించింది. చలవ బట్టలు కట్టుకుని పదిమందిలోకి వచ్చినట్టు. అకౌంటెంటు దగ్గు ఆగింది. వేలంపాట ఊరి చుట్టూ సున్నా చుట్టాం. ఆ ఊళ్ళో మన జనం భోంచెయ్యబోయే హోటలు ఓనరుగారి తోడల్లుడిదని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. దాని గురించి ఎవరికీ దగ్గు రాలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడగలేదు. ఆమె అడిగే మనిషి కాదు. పేపరు పక్క టీచరుకి ఇచ్చాక దాని మొహం మళ్ళీ చూడదు. నేను చెప్పాల్సింది. స్నానం చేసి చెబుదామనుకున్నాను. భోజనం చేసి చెబుదామనుకున్నాను. మర్నాడు ఆదివారం, తీరిగ్గా చెబుదామనుకున్నాను. ఆదివారం ఆమే అంది.

"మొదటి బస్సు ఎప్పుడండీ?"

"పదో తారీకు."

"అంటే తమ్ముడి దగ్గరికి?"

"ఆ దారిన పోయేది పన్నెండో తారీకు మధ్యాహ్నం," అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అబద్ధం చెప్పకపోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు.

ఆమె ఆ పూటే ఉత్తరం రాసి, అంటించి, మర్నాడు నేను ఆఫీసుకి పోతుంటే చేతికిచ్చింది. "పన్నెండున మధ్యాహ్నం భోజనానికి వస్తారని రాశాను. కాస్త డబ్బాలో వెయ్యండి."

పోస్టు డబ్బా మా వీధి చివర, చాకలి కొట్టు పక్కన ఉండేది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇస్త్రీ చేస్తున్నాయన "ఏంటి సార్, డబ్బా నిండిపోయిందా?" అని కూడా అడిగాడు. చింపెయ్యొచ్చు. ఇంటికి తిరిగెళ్ళి ఆమె చేతిలోనే పెట్టి సంగతి చెప్పొచ్చు. కాని ఇంకొకరి ఉత్తరం ఆపడం తప్పు కదా అనిపించింది. నేనే విడిగా ఒక ఉత్తరం రాసి విషయం చెబుదాం, ఇది మాత్రం వేసేద్దాం అనుకున్నాను. వేసేశాను. విడిగా రాయాల్సిన ఉత్తరం ఆఫీసులో మూడుసార్లు మొదలుపెట్టాను. 'ఇక్కడ అందరం క్షేమం' దగ్గరే మూడుసార్లూ ఆగిపోయింది.

పదో తారీకున బస్సు బయల్దేరింది. ముప్ఫైమంది జనం. మొదటి యాత్ర కనక నన్ను కూడా వెళ్ళమన్నారు. ముందు సీటు. అందరూ సంతోషంగా ఉన్నారు. రెండు రోజుల్లో ముప్ఫైమందీ ఒక కుటుంబంలా అయిపోయారు. ఒక ముసలాయన నాకు తన టోపీ ఇచ్చాడు, ముందు అద్దంలోంచి ఎండ పడుతోందని.

పన్నెండో తారీకు మధ్యాహ్నం మలుపు ఊరు దగ్గరపడుతుంటే నిదానం నావైపు తిరిగాడు.

"ఆపనా సార్?"

"షెడ్యూలులో లేదు."

"తెలుసు. ఆపనా?"

"ఎందుకండీ? పోనివ్వండి."

ఆయన గేరు మార్చాడు. ఎప్పుడూ పోయేదానికన్నా మెల్లగా పోనిచ్చాడు. నాకోసమో, వాళ్ళకోసమో తెలీదు. ఆ వేగంలో నాకు కనపడాల్సినవన్నీ కనపడ్డాయి.

లాడ్జికి కొత్త సున్నం. వసారాలో రెండు వరసలుగా కుర్చీలు. కెప్టెన్ భార్య గడపలో గ్లాసుల పళ్ళెంతో నిలబడుంది. గేటు బార్లా తెరిచుంది. దాని ముందు మా బావమరిది ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో, రోడ్డు మీదికి ఒక అడుగు వచ్చి, చెయ్యి పైకెత్తాడు. అతని వెనక గట్టు మీదినుంచి ఇసకలోకి మెట్లు దిగుతున్నాయి. వాటికి రెండువైపులా కొయ్య కటకటా, ముసలివాళ్ళు పట్టుకోడానికి. కటకటా అంతా నీలం రంగు. లాడ్జి వెనక పడవ ఉండే చోటు ఖాళీగా ఉంది. కోళ్ళు ఎటు పోవాలో తెలీనట్టు అక్కడక్కడే తిరుగుతున్నాయి.

అతని చెయ్యి ఆపమన్నట్టు లేచింది. బస్సు ఆగదని అర్థమయ్యేసరికి అదే చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. మధ్యలో ఎక్కడ మారిందో చూపలేను. ఊరికే వీడ్కోలు చెబుతున్నట్టు, అందుకే నిలబడ్డట్టు ఊపాడు.

బస్సులో ముప్ఫైమందీ చేతులు ఊపారు. కిటికీల్లోంచి రుమాళ్ళు ఊపారు.

"ఎంత మంచి మనుషులో చూడండి," అంది నా వెనక సీట్లో ఒకావిడ. "దారిన పోయేవాళ్ళకి కూడా!"

నేను టోపీ సర్దుకున్నాను.

నేను తిరిగొచ్చిన మూడో రోజున బావమరిది ఉత్తరం వచ్చింది, అక్క పేరున. ఆమె గుమ్మంలో నిలబడే చదివింది. చదివి నా బల్ల మీద పెట్టి వంటింట్లోకి పోయింది. నాలుగే వాక్యాలు. 'అక్కా, బస్సు చూశాం. బాగుంది. బావగారు ముందు సీట్లో కూర్చున్నారు, మధ్యాహ్నం ఎండ అటే పడుతుంది, చిన్న తెర కుట్టించమను. కావాలంటే నీ మరదలు కుట్టి పంపుతానంటోంది.'

నేను వంటింటి గడప దగ్గర నిలబడ్డాను. "చెబుదామనే అనుకున్నాను..."

"చెయ్యి కడుక్కోండి, వడ్డిస్తున్నాను," అంది.

ఆమె ఆ రోజు కోప్పడలేదు. మర్నాడూ కోప్పడలేదు. మాట్లాడడం మానలేదు. ఉప్పు సరిపోయిందా అని ఎప్పటిలాగే అడిగింది. ఒక్కటే మారింది. ఇంతకు ముందు నేను ఆఫీసునుంచి రాగానే "ఏంటి ఇవాళ విశేషాలు?" అనేది. ఆ ప్రశ్న మా ఇంట్లోంచి వెళ్ళిపోయింది. నోటుబుక్కులో మార్కుల పేజీలు చించి, మిగిలినవాటిలో చాకలి పద్దు రాసుకుంది.

వానలు మొదలవబోతుంటే కంపెనీ యాత్రలు ఆపింది. వేసవి బాగా గడిచింది. ఓనరుగారు అందర్నీ కుటుంబాలతో భోజనానికి పిలిచారు. అంతా కూర్చున్నాక లేచి నిలబడ్డారు.

"ఒక్కమాట చెప్పాలి. మన మార్గాలు చూసే ఆయన సంగతి. సొంత బావమరిది ఊరు. మార్కులు కూడా సమానం. ఆయన దాని చుట్టూ సున్నా చుట్టినా నేను కాదనేవాణ్ణా? నిజానికి అదే చేస్తాడనుకున్నా. నాకు ఆ ఊరే నచ్చింది కూడా. కాని తన చేత్తో తనే కొట్టేశాడు. మనిషంటే అలా ఉండాలి!"

చప్పట్లు కొట్టారు. ఆయన పక్కనే కూర్చున్న తోడల్లుడు అందరికన్నా గట్టిగా కొట్టాడు. నిదానం కొట్టలేదు, చేతికి అన్నం అంటుకుందన్నట్టు కంచంలోకి చూస్తున్నాడు. మా ఆవిడ, మర్యాదకి, రెండుసార్లు కొట్టింది.

ఆ వాక్యం కోసమే నేను గీత గీశానని నాకు అప్పుడు తెలిసింది. దాన్ని పూర్తిగా, ఇంతమందిలో, ఆమె పక్కన కూర్చుని వినేదాకా తెలియలేదు.

ఆ నెలాఖర్లో మలుపు ఊరు వెళ్ళాం. లాడ్జి ఎవరో తీసుకున్నారు, ఐసు గోదాము పెడతారట. సామాను సర్దడానికి సాయం. మామూలు బస్సులో వెళ్ళాం. బావమరిది గేటు దగ్గరే ఉన్నాడు.

"రండి బావగారూ. ఈసారి అల్లుడిగానేగా? కొత్త దుప్పట్లన్నీ మూటకట్టేశాం మరి."

అతనికి లోతట్టు పట్నంలో ఒక ఆస్పత్రి క్యాంటీనులో పని దొరికింది. సముద్రానికి ఒక పగలు ప్రయాణం. దాని మీద కూడా జోకులేశాడు. నన్ను ఒక్కమాట అనలేదు. అతని భార్య మాత్రం టీ గ్లాసు నాకు చేతికివ్వకుండా కిటికీ మీద పెట్టి వెళ్ళింది. నిజం చెప్పాలంటే, ఆ ఇంట్లో నాకు ఊపిరాడింది ఆ ఒక్క చోటే.

మధ్యాహ్నం మా ఆవిడ కనపడకపోతే వెతుక్కుంటూ గట్టు దాకా వెళ్ళాను. మెట్ల మీద ఉంది. చెప్పులు వేసుకునే, నీలం కటకటా పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగింది. మొత్తం ఎనిమిది. కిందమెట్టు మీద కూర్చుంది. నేను పైనే నిలబడ్డాను.

"బాగా కట్టాడు," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

ఆమె కటకటా మీద పెయింటు పెచ్చు ఒకటి గోటితో తీస్తోంది.

"మెట్లు లేకపోయినా ఇక్కడ ఎవరూ పడరండీ," అంది. "నేను పక్కవాటుగా దిగానుగా. ఆ మార్కు నేను ఊరికే తగ్గించాను."

సముద్రం చప్పుడు లేకుండా ఉంది.

"మీరు కలుపుతారని," అంది.

లేచి, చీర దులుపుకుని, పైకి వచ్చింది. పైమెట్టు దగ్గర నేను చెయ్యి అందిస్తే పట్టుకుంది కూడా. ఆ తర్వాత పదకొండేళ్ళు కాపురం చేశాం. జ్వరాలకి ఒకరికొకరం పథ్యం వండుకున్నాం, నా కళ్ళజోడు ఆమే తుడిచేది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నన్ను క్షమించిందో, నన్ను రెండో టీచరు ఉద్యోగంలోంచి తీసేసి ఊరుకుందో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

సాయంత్రం బస్సుకి మేం బయల్దేరాం. నాకు కిటికీ సీటు దొరికింది. మా బావమరిది అదే గేటు ముందు, పనిలో మాసిన చొక్కాతో, రోడ్డు మీదికి ఒక అడుగు వచ్చి నిలబడ్డాడు. బస్సు మలుపు తిరుగుతుంటే చెయ్యెత్తి ఊపాడు.

ఈసారి నేను కూడా ఊపాను. మోచేతి దాకా కిటికీ బయటికి పెట్టి, అతను కనపడకుండా పోయేదాకా ఊపాను. పోయాక కూడా ఊపుతూనే ఉన్నాను.

మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది.

"చెయ్యి లోపల పెట్టుకోండి," అంది. "ఎదురుగా బస్సు వస్తోంది."